వెర్క్‌మన్‌ని చేత్తో తెలుసుకోవడం: ప్రెస్సు లేకుండా ఇంట్లో అచ్చు బొమ్మలు వేసే పద్ధతి

డచ్ అచ్చు కళాకారుడు హెండ్రిక్ వెర్క్‌మన్ గురించి ఎవరైనా అడిగితే నేను ఆయన కథతో మొదలుపెట్టను. ఒక రబ్బరు రోలరు, కాస్త నల్ల ఇంకు, ఓ పది కాగితాలు తెచ్చుకుని కూర్చోమంటాను. ఆయన చేసిన పెద్ద పనిని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: కాగితాన్ని కింద పెట్టి అక్షరాన్ని దాని మీద బోర్లించాడు. చదివితే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. చేసి చూస్తే ఏముందో పావుగంటలో తెలుస్తుంది, ఆ తర్వాత ఆయన బొమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. అందుకే ఇక్కడ ఆయన జీవితాన్నీ, మీరు ఇంట్లో చేయాల్సిన పనినీ కలిపే రాస్తున్నాను.

ముందు మనిషి గురించి కొంచెం. నెదర్లాండ్స్‌కి ఉత్తరాన గ్రోనింగెన్ అనే ప్రాంతం, అందులో లేన్స్ అనే పల్లె, అక్కడ 1882 ఏప్రిల్ 29న పుట్టాడు. తండ్రి పశువుల డాక్టరు, వెర్క్‌మన్ చిన్నపిల్లాడిగా ఉండగానే చనిపోయాడు. పెద్దయ్యాక కొన్నాళ్లు పత్రికల్లో పనిచేసి, 1908లో గ్రోనింగెన్ పట్నంలో సొంత ప్రెస్సు పెట్టాడు. ఒక దశలో ఇరవై మంది దాకా పనివాళ్లుండేవాళ్లు. అంటే ఆర్ట్ కాలేజీలోంచి వచ్చిన మనిషి కాదు, ఆర్డర్లు పట్టుకుని, అచ్చేసి, నెల తిరిగేసరికి జీతాలు సర్దుకోవాల్సిన ప్రెస్సు యజమాని. 1918లో ఆ ఊరి చిత్రకారులు డె ప్లూఖ్ అని ఒక సంఘం పెట్టుకున్నారు, డచ్‌లో ఆ మాటకు నాగలి అని అర్థం, మా ప్రాంతంలో కళ అనే బీడు దున్నుతాం అన్నట్టు. వెర్క్‌మన్ ఆ సంఘంలో చేరి వాళ్ల పోస్టర్లు, ఆహ్వానాలు, కేటలాగులు అచ్చేసేవాడు, తనూ కుంచె పట్టి రంగులు వేసేవాడు.

1923లో ప్రెస్సు దెబ్బతింది. అప్పుల్లో పడి మూసేశాడు, ఒక గోడౌను అటక మీద చిన్న గది తీసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. వయసు 41. చేతిలో మిగిలింది పాత చేతి ప్రెస్సు, చెక్క అక్షరాలు, సీసం అక్షరాలు, ఇంకు రోలర్లు. మనం ఇవాళ ఆయన్ని తలుచుకునేది ఆ అటక మీద చేసిన పనికే, అంతకుముందు పదిహేనేళ్లు నడిపిన పెద్ద ప్రెస్సుకి కాదు. నాకు ఆయనంటే ఇష్టం పుట్టింది కూడా ఇక్కడే. ఉన్నదంతా పోయినవాడు, మిగిలిన సామానుని కొత్త కళ్లతో చూశాడు.

మామూలు అచ్చు ఎలా పడుతుంది, ఈయన ఏం తిప్పాడు

చిన్నప్పుడు మా బాబాయి ప్రెస్సులో సెలవులన్నీ గడిపాను కాబట్టి లెటర్‌ప్రెస్ పని నాకు కొంచెం కళ్లముందు ఉంది. కేసులోంచి, అంటే అరల పెట్టెలోంచి, ఒక్కో టైపు (అచ్చు అక్షరం) ఏరి, వరసగా పేర్చి, గేలీ అనే పళ్లెంలో పెట్టి దారంతో కట్టి, ఇనప ఫ్రేములో బిగించి, ట్రెడిల్ మిషన్‌కి ఎక్కిస్తారు. రోలరు వెళ్లి అక్షరాలకి ఇంకు పూస్తుంది, కాగితం వచ్చి వాటికి అతుక్కుని వెనక్కి వెళ్తుంది. ఒకసారి బిగించాక అక్షరం అంగుళం కూడా జరగదు. ఎన్ని పెళ్లి కార్డులు వేసినా మొదటిదీ చివరిదీ ఒకేలా రావాలి, రాకపోతే పార్టీ ఒప్పుకోడు. ఆ పని గొప్పతనం అదే.

వెర్క్‌మన్ దీన్ని తలకిందులు చేశాడు. తన చేతి ప్రెస్సు పైనుంచి నిలువుగా నొక్కేది. దాని బెడ్డు మీద అక్షరాలు ఉండాల్సిన చోట కాగితం పరిచాడు. ఒక చెక్క అక్షరానికి ఇంకు పూసి, కాగితం మీద తనకు నచ్చిన చోట బోర్లించి, నొక్కాడు. తీశాడు. పడిన గుర్తు చూశాడు. ఇంకో ముక్క తీసుకుని ఈసారి ఎక్కడ పెట్టాలో అప్పుడు ఆలోచించాడు. బిగింపు లేదు, ముందే వేసుకున్న ప్లాను లేదు, ప్రతి నొక్కుకీ కాగితం కళ్లెదురుగానే ఉంటుంది. ఒకే బొమ్మ కోసం కాగితం ఒక్కోసారి యాభై సార్లు ప్రెస్సు కిందికి వెళ్లేదని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఇంత చేసి వచ్చేది ఒక్క కాపీ. అచ్చు అంటేనే వందల కాపీలు అనుకునే చోట ఒక్కటే కాపీ ఉండే అచ్చులు వేశాడు, వాటికి డ్రుక్సెల్ అని తనే పేరు పెట్టుకున్నాడు, డచ్‌లో డ్రుకెన్ అంటే అచ్చు వేయడం. అలాంటివి ఆరు వందలకు పైగా చేశాడు.

మనం చేయబోయేది అదే. ప్రెస్సు లేకపోయినా కుదురుతుంది.

సామాన్లు

రోలరు: ఆర్టు షాపుల్లో లినో కటింగ్‌కి (లినోలియం షీటు చెక్కి అచ్చేయడానికి) అమ్మే రబ్బరు రోలరు, నాలుగంగుళాల వెడల్పుది ఒకటి, వీలైతే రెండంగుళాలది ఇంకొకటి. గోడలకి రంగులేసే బొచ్చు రోలరు పనికిరాదు, ఇంకుని తాగేస్తుంది.

ఇంకు: రెండు రకాలు దొరుకుతాయి. నీళ్లతో కడిగితే పోయే లినో ఇంకు, పిల్లలతో కూర్చునేవాళ్లకి ఇదే మంచిది, కానీ మన ఎండాకాలంలో గాజు మీద పరిచిన పది నిమిషాలకే గట్టిపడుతుంది, ఫ్యాను ఆపేసి, సాయంత్రం పూట చేసుకోండి. రెండోది నూనె ఇంకు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో వాడేది, డబ్బాల్లో వస్తుంది, తెలిసిన ప్రెస్సులో అడిగితే అడుగున మిగిలింది ఇస్తారు. నేను దీన్నే వాడతాను. మెల్లగా ఆరుతుంది కాబట్టి మధ్యలో ఆగి ఆలోచించుకోవచ్చు, పైగా ఒక రంగు మీద ఇంకో రంగు పడినప్పుడు అడుగుది కనిపిస్తుంది, ఆ అందం నీళ్ల ఇంకులో అంతగా రాదు. నలుపు, ఎరుపు, పసుపు, నీలం చాలు. మొదటిసారైతే నలుపు ఒక్కటే చాలు.

ఇంకు పరచడానికి పాత కిటికీ అద్దం ముక్క, అంచులకి టేపు వేసి. కాగితం కాస్త పీల్చుకునేది కావాలి, డ్రాయింగ్ షీటు లేదా కార్ట్రిడ్జ్ పేపరు. మెరిసే ఆర్టు పేపరు మీద నూనె ఇంకు రోజుల తరబడి ఆరదు, ముట్టుకుంటే చెదురుతుంది. ట్రయల్‌కి పాత న్యూస్‌పేపర్లు ఎన్ని ఉంటే అన్ని దగ్గర పెట్టుకోండి, ఇవి ఎంత ముఖ్యమో కింద చెప్తాను.

అక్షరాలు: పాత ప్రెస్సులు మూసేసినచోట పోస్టర్లకి వాడిన చెక్క అక్షరాలు దొరికితే అదృష్టం. దొరక్కపోతే అరిగిపోయిన హవాయి చెప్పు. నిజంగానే చెప్తున్నాను, ఆ రబ్బరు కట్టర్‌తో సాఫీగా కోతకొస్తుంది, ఇంకుని సమంగా పట్టుకుంటుంది. కోసిన ముక్కని చిన్న చెక్క బిళ్లకి అంటిస్తే పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. ప్రెస్సు బదులు మన అరచేయి, స్టీలు గరిట వెనక వైపు, పెద్ద ముక్కలకైతే ఒక పీట. ముక్క మీద పీట పెట్టి దాని మీద నిలబడితే నిలువుగా బరువు పడుతుంది, అచ్చం ఆయన ప్రెస్సు పనే.

ఇంకు పరచడం: సగం పని ఇక్కడే ఉంది

బఠాణీ గింజంత ఇంకు గాజు మీద పెట్టండి. ఎక్కువ వద్దు. రోలరుని ముందుకీ వెనక్కీ లాగుతూ, ప్రతిసారీ చివర్లో పైకెత్తి, దాన్ని గాల్లో కాస్త తిరగనిచ్చి మళ్లీ ఆనించండి, లేకపోతే రోలరులో ఒకే భాగం ఇంకుని తాకుతూ ఉంటుంది. మొదట్లో తడి చప్పుడు వస్తుంది, బురదలో చెప్పు లేపినట్టు. అంటే ఇంకు ఎక్కువుంది. పరుస్తూ పోతే ఆ చప్పుడు సన్నబడి, వేడి పెనం మీద నీటి చుక్కలు పడ్డట్టు సన్నగా చిటపటమంటుంది. గాజు మీద ఇంకు పొర వెల్వెట్ గుడ్డలా కనిపిస్తుంది. అక్కడ ఆగండి. మా బాబాయి ఇంకు డబ్బా వైపు చూసేవాడే కాదు, రోలరు చప్పుడు విని ‘చాల్లేరా’ అనేవాడు.

ఇప్పుడు అక్షరానికి రోలరు ఆనించండి, రెండు మూడు సార్లు, తేలిగ్గా. కాగితం మీద బోర్లించి అరచేత్తో నొక్కి తీయండి.

మొదటి పాఠం: అక్షరాన్ని చదవడం మానేయడం

ఒక్క అక్షరం తీసుకోండి, ఆ ఒక్కదాన్నే కాగితమంతా వాడండి. వెర్క్‌మన్‌కి ఇంగ్లిష్‌లోని O ఒక సున్నా, H ఒక నిచ్చెన, ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎత్తయిన మేడ. మనకి ఈ విషయంలో ఇంకా పెద్ద పెట్టె ఉంది, తెలుగు లిపి అంతా వంపులే. ఠ తీసుకోండి, గుండ్రం మధ్యలో చుక్క. పక్కపక్కన నాలుగు ఠలు పెడితే కళ్లయిపోతాయి. ర మీద తలకట్టు వేరే ముక్కగా కోసుకుంటే దాన్ని ఒక పక్షిలా కాగితం పైన ఎగరేయొచ్చు. అక్షరంగా చదవబుద్ధి కాకుండా ఉండాలంటే తలకిందులుగా, అడ్డంగా పెట్టండి. మాట అచ్చేయాలనుకుంటే మాత్రం అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి కోసుకోవాలి, ఆకారం కోసమే అయితే ఆ గొడవ లేదు.

ఇక అసలు కిటుకు. ఇంకు పూసిన ముక్కని ఒకసారి కాగితం మీద నొక్కాక మళ్లీ ఇంకు పూయకుండానే రెండోసారి, మూడోసారి నొక్కండి. నలుపు, తర్వాత ముదురు బూడిద, తర్వాత లేత బూడిద. దూరంగా వెళ్తున్నట్టు ఉంటుంది. దీనికి తిరుగుడు పద్ధతి కూడా ఆయనదే: లేత రంగు కావాలంటే ముందు వేరే కాగితం మీద ఒకసారి నొక్కి, ఇంకు కొంత అక్కడ వదిలించి, మిగిలిన దాన్ని అసలు కాగితం మీద వేసేవాడు. న్యూస్‌పేపర్లు ఎన్నుంటే అన్ని పెట్టుకోమన్నది ఇందుకే. కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల ఊరికే తాకినట్టు నొక్కేవాడు, ముక్కకి ఒక సగం దట్టంగా ఇంకు, ఇంకో సగం పల్చగా. ఒకే ముక్క, ఒకే నలుపు, అయినా ఒక్క గుర్తు ఇంకోదానిలా ఉండదు.

మొదటి కాగితం పాడవుతుంది. మూడోది కూడా అంత బాగా రాకపోవచ్చు. టెన్షన్ పడొద్దు, ఖాళీగా వదలాల్సిన చోటు ఎక్కడో కనిపెట్టడానికి ఓ అయిదు కాగితాలు పడుతుంది. నేను చూసినంతలో అందరూ చేసే తప్పు ఒకటే, కాగితం నిండా నింపేయడం. సగం ఖాళీ వదిలిన కాగితం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

రెండో పాఠం: తాళం పలక

1923 సెప్టెంబరులో వెర్క్‌మన్ ఒక పత్రిక మొదలుపెట్టాడు. పేరు ఇంగ్లిష్‌లో ‘ది నెక్స్ట్ కాల్’. 1926 దాకా తొమ్మిది సంచికలు వచ్చాయి, రాయడం, కూర్చడం, అచ్చేయడం అన్నీ ఆయనే. దాని మొదటి సంచికలో తలుపుకి బిగించే తాళం తాలూకు ఇనప పలకకి ఇంకు పూసి అచ్చేసిన గుర్తు ఒకటి ఉంది. పొడుగ్గా నిటారుగా ఉంటుంది, మధ్యలో తాళంచెవి కన్నం. నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ప్రెస్సులో అక్షరాలే కాదు, ఇంకు పట్టే ఏ వస్తువైనా అక్షరమే అని ఆ ఒక్క పలకతో చెప్పేశాడు. అక్షరాల మధ్య ఖాళీ కోసం పెట్టే చెక్క దిమ్మల్ని, అచ్చులో ఎప్పుడూ కనిపించకూడని సామాన్లని కూడా తీసి ఇంకు పూశాడు.

ఈ పత్రిక అమ్ముకోలేదు. కొద్ది కాపీలే వేసి, యూరప్‌లో కొత్త పద్ధతుల్లో పనిచేస్తున్న కళాకారులకి పంపి, వాళ్ల పత్రికలు తను తెప్పించుకునేవాడు. ఉత్తరాన ఒక మూల పట్నంలో అటక మీద కూర్చుని అలా లోకంతో మాట్లాడుకున్నాడు.

మీ పని: ఇంట్లో పది వస్తువులు ఏరండి. చదునుగా ఉండాలి, ఇంకు పూస్తే పాడవకూడదు, లేదా పాడైనా ఫర్వాలేనివి. తలుపు బందు, కొబ్బరి తురుము పీట కింది చెక్క, పాత స్విచ్ బోర్డు మూత, జంతికల గొట్టం బిళ్ల (దీని నక్షత్రం కన్నం ఎంత బాగా పడుతుందో చూడాల్సిందే, కానీ వంటకి వాడేది వద్దు, ఇంకు పూర్తిగా వదలదు), అట్టపెట్టె గరుకు అంచు. ముందు వాటిని ఒక్కోటి న్యూస్‌పేపరు మీద నొక్కి చూసి ఏది ఏ గుర్తు వేస్తుందో తెలుసుకోండి. చెక్క దిమ్మకి ఇంకు పూస్తే దాని నార గీతలు కనిపిస్తాయి, వాటిని దాచడానికి ఇంకు ఎక్కువ పూయకండి. వెర్క్‌మన్ అచ్చుల్లో ఆ చెక్క గీతలూ, పాత అక్షరాల మీది గాట్లూ అలాగే ఉంటాయి. పదిట్లో మూడు ఎంచుకుని, ఆ మూడింటితోనే ఒక బొమ్మ. నాలుగోది ముట్టుకోవద్దు. తక్కువ ఉన్నప్పుడే చెయ్యి ఆలోచిస్తుంది.

మూడో పాఠం: రోలరే కుంచె

తర్వాత్తర్వాత ఆయన ఇంకో అడుగు వేశాడు. ఇంకు పూయడానికున్న రోలరునే నేరుగా కాగితం మీద నడిపాడు. అచ్చు అన్న మాటకి అర్థమే కొంచెం చెదిరిపోయే చోటు ఇది.

రోలరుని పూర్తిగా ఆనించి ఒక్కసారి లాగితే వెడల్పాటి పట్టీ పడుతుంది, మొదట్లో దట్టంగా, ఇంకు అయిపోయే కొద్దీ పొడిపొడిగా. అదే రోలరుని వాల్చి ఒక అంచు మాత్రమే ఆనిస్తే సన్నని గీత. అంచు మీద నడుపుతూ మెల్లగా పూర్తిగా ఆనిస్తే గీత పట్టీ అవుతుంది. ఈ మూడూ ఒక న్యూస్‌పేపరు మీద యాభై సార్లయినా చేయండి, మణికట్టుకి అలవాటు కావాలి. రోలరు గుండ్రం కాబట్టి దాని చుట్టుకొలత ఎంతో అంత దూరానికి ఒకసారి అదే గుర్తు తిరిగి వస్తుంది, రోలరు మీద ఒక చోట ఇంకు తుడిచేస్తే ఆ తెల్ల మచ్చ లెక్కగా మళ్లీ మళ్లీ పడుతుంది. దాన్ని వాడుకోవచ్చు. గాజు మీద ఒక వైపు నీలం, ఇంకో వైపు పసుపు పెట్టి రోలరుని పక్కకి జరపకుండా నడిపితే మధ్యలో తనంతట తనే ఆకుపచ్చ పుడుతుంది, ఒకే లాగుడుకి ఆకాశమూ నేలా వచ్చేస్తాయి.

టైప్‌రైటర్ ఉన్నవాళ్లకి ఒక మాట: 1920లలో ఆయన టైప్‌రైటర్ మీద కూడా ఇలాగే బొమ్మలు కొట్టాడు, టిక్సెల్ అనేవాడు వాటిని. ఒకే అక్షరం, ఒకే చుక్క వరసగా కొడుతూ, కాగితాన్ని తిప్పి మళ్లీ కొడుతూ. టైప్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిన తరంవాళ్ల ఇళ్లలో ఇంకా మిషన్లు ఉంటాయి, దుమ్ము దులపండి.

నాలుగో పాఠం: స్టెన్సిల్, దాంతో మనుషులు

1930లలో ఆయన స్టెన్సిల్ పట్టుకున్నాడు. అప్పటిదాకా అక్షరాలూ దిమ్మలతో కట్టడాల్లాంటి బొమ్మలు వేసినవాడు, ఇక్కణ్నుంచి మనుషుల్ని, చెట్లని, పడవల్ని వేశాడు. కాగితం కత్తిరించి, ఆ కన్నంలోంచి రోలరు నడపడం. అంతే. ఇందులో మనకి తేలిక దారి పాత ఎక్స్‌రే ఫిల్ము. ముగ్గుల స్టెన్సిల్‌కి వాడినట్టే, తడవదు, చిరగదు, తుడిచి మళ్లీ వాడొచ్చు. కానీ ఒకసారి మామూలు కాగితాన్ని చేత్తో చింపి కూడా చేయండి, ఆ చిరుగు అంచు మెత్తగా పడుతుంది, కట్టర్‌తో రాదు.

ఒక మనిషిని వేద్దాం. ఫిల్ములో నిలువుగా ఒక శరీరం, దాని పైన తల, రెండూ ఒకే కన్నం. కళ్లు, ముక్కు వద్దు. కోసి తీసిన ముక్కని పారేయకండి, అది కూడా పనిముట్టే. కన్నం ఉన్న ఫిల్ముని కాగితం మీద పెట్టి రోలరుని బయటి నుంచి లోపలికి, అంచుల మీద నుంచి మధ్యకి నడపండి. ఎదురు నడిపితే అంచు లేచి ఇంకు కిందికి పోతుంది. ఇప్పుడు అదే స్టెన్సిల్‌ని అర అంగుళం పక్కకి జరిపి, ఇంకో రంగు, ఈసారి సగం వరకే. మనిషి కదిలినట్టు ఉంటుంది. మూడోసారి కోసిన ముక్కని కాగితం మీద పెట్టి దాని చుట్టూ రోలరు నడపండి, ముక్క తీస్తే చుట్టూ రంగు, మధ్యలో తెల్లని మనిషి. ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు.

ఇది చేతికి వచ్చాక ‘హసీదీ కథలు’ అనే ఆయన బొమ్మల వరస వెతికి చూడండి. యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ తిరిగి చెప్పిన పాత యూదు భక్తుల కథలకి వేసినవి, 1942లో పది, 1943లో పది. ఆ బొమ్మల్లో ఎక్కడ స్టెన్సిల్ జరిగిందో, ఎక్కడ రోలరు అంచు ఆనిందో, ఎక్కడ ఇంకు అయిపోవస్తుంటే ఆపకుండా లాగాడో మీకే కనిపిస్తుంది. సంవత్సరాలు ఇంకోసారి చూడండి. నెదర్లాండ్స్ జర్మనీ ఆక్రమణలో ఉంది, ఆ దేశపు యూదుల్ని రైళ్లలో ఎక్కించి చావు క్యాంపులకి పంపుతున్న సంవత్సరాలవి. ఆ రోజుల్లో యూదుల కథలకి, ఆటా పాటా ఉన్న ఆ బొమ్మలకి ఎరుపూ పసుపూ వేసి, ఒక్కో కాపీకీ చేత్తో రోలరు నడిపాడు. నేను మొదటిసారి ఆ వరస చూసింది రంగుల కోసం. తారీకులు తెలిశాక చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

అయిదో పాఠం: నాలుగు పేజీల నీలి పడవ

1940 మేలో జర్మన్ సైన్యం వచ్చింది. కొద్ది నెలల్లోనే ఆగస్ట్ హెంకెల్స్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు, ఆయన స్నేహితులు ఇద్దరు వెర్క్‌మన్ దగ్గరికి వచ్చి ఒక కవిత అచ్చేసి ఇవ్వమన్నారు. అక్కడ మొదలై 1944 దాకా ‘డె బ్లౌవె స్ఖౌట్’ పేరుతో, నీలి పడవ అని అర్థం, నలభై చిన్న ప్రచురణలు తెచ్చారు. కవితలు, పాత పాటలు, కీర్తనలు, క్యాలెండర్లు. పైకి చూస్తే అమాయకంగా ఉంటాయి, కానీ పరాయి పాలనలో ఉన్నవాడికి లోపలి అర్థం తెలిసేలా ఎంచిన మాటలు. కాగితానికి కరువు, దొరికిన ముక్కలతోనే. అచ్చూ బొమ్మలూ అన్నీ వెర్క్‌మన్‌వి.

మీరూ ఒకటి చేయండి. ఏ4 డ్రాయింగ్ షీటు ఒకటి మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. మీకు బాగా ఇష్టమైన పాత పద్యం ఒకటి, నాలుగు పాదాలు చాలు, వేమనదో పోతనదో, మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడే జానపదమో. లోపల కుడి పేజీలో దాన్ని చేత్తో శుభ్రంగా రాయండి, లేదా ప్రింటు తీయించండి. ఎడమ పేజీలో స్టెన్సిల్ బొమ్మ. అట్ట మీద ఒకే ఒక అక్షరం, పెద్దది. పది కాపీలు చేయండి. స్టెన్సిల్ ఒకటే అయినా రోలరు ప్రతిసారీ ఒక్కోలా నడుస్తుంది కాబట్టి పదీ పది రకాలుగా వస్తాయి, వాటిని ఒకేలా తేవాలని ప్రయత్నించకండి. బొమ్మ పద్యంలోని మాటకి నకలు కాకూడదు. పద్యంలో చెట్టు ఉంటే చెట్టే వేయాలని లేదు, ఆ పద్యం చదివాక మీలో మిగిలే రంగు వేయండి. అయిదు పాఠాల్లో ఇదే కష్టం, రెండు మూడు వారాలు పట్టినా పట్టనివ్వండి.

ఆ తర్వాత ఏం జరిగింది

1945 మార్చి 13న జర్మన్ రహస్య పోలీసులు వెర్క్‌మన్‌ని పట్టుకెళ్లారు. ఏప్రిల్ 10న బాక్కెవేన్ అనే ఊరి దగ్గర అడవిలో మరో తొమ్మిది మంది ఖైదీలతో పాటు కాల్చి చంపారు. ఇంకో మూడు రోజులకి, ఏప్రిల్ 13న, కెనడా సైన్యం గ్రోనింగెన్ చేరింది, 16కల్లా పట్నానికి విముక్తి వచ్చింది. అంటే ఒక్క వారం. పట్టుకెళ్లినప్పుడు ఆయన బొమ్మలు కూడా చాలా వాటిని జప్తు చేశారు, పట్నం కోసం జరిగిన ఆ పోరులో అవి మంటల్లో పోయాయి. ఇంకో పంతొమ్మిది రోజులు బతికుంటే 63 నిండేవి.

ఆయన పని మిగలడానికి ఒక కారణం, పంచిపెట్టే అలవాటు. స్నేహితుల ఇళ్లలో, హెంకెల్స్ దగ్గర, ఉత్తరాలతో పాటు పంపినవి ఉండిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో దాని డైరెక్టరు విల్లెమ్ సాండ్‌బర్గ్ ఆ 1945లోనే ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టించాడు. సాండ్‌బర్గ్ తర్వాత వేసిన కేటలాగుల్లో చింపిన కాగితం అంచులు, పెద్ద చెక్క అక్షరాలు కనిపిస్తాయి, ఎక్కణ్నుంచి వచ్చాయో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు. ఇవాళ గ్రోనింగెన్ మ్యూజియంలో వెర్క్‌మన్ పని చాలా ఉంది. నెదర్లాండ్స్‌లో చదువుకునేవాళ్లో ఉద్యోగం చేసేవాళ్లో ఇది చదువుతుంటే ఒక శనివారం పెట్టుకోండి, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో రెండు గంటల చిల్లర. స్క్రీన్ మీద చూస్తే ఇంకు పొర ఎత్తు తెలియదు. అసలు బొమ్మ ముందు కాస్త పక్కకి నిలబడితే, వెలుతురు పడే చోట ఒక పొర మీద ఇంకో పొర లేచి కనిపిస్తుంది.

కడగడం, ఆరబెట్టడం

నూనె ఇంకు అయితే ముందే సబ్బు వేయొద్దు. గాజు మీద, రోలరు మీద కాస్త పొద్దుతిరుగుడు నూనె వేసి పాత గుడ్డతో తుడవండి, రెండుసార్లు తుడిస్తే ఇంకు వదులుతుంది, అప్పుడు గిన్నెల సబ్బు. కిరోసిన్ కూడా పనిచేస్తుంది కానీ వాసనకి తల నొప్పి, పైగా రబ్బరు రోలరు ఉబ్బిపోతుంది. రోలరుని ఎప్పుడూ ఇంకు వైపు ఆనించి పెట్టకండి, ఒక వైపు చదునైపోతే మళ్లీ గుండ్రంగా రాదు, మేకుకి వేలాడదీయండి.

అచ్చులు బట్టల తీగకి క్లిప్పులతో వేలాడదీస్తే చాలు, ఎండ తగలనివ్వొద్దు. నీళ్ల ఇంకు గంటలో ఆరుతుంది. నూనె ఇంకు పల్చగా పడినచోట ఒక రోజు, మూడు నాలుగు పొరలు ఉన్నచోట వారం. ఆరాక పదింట్లో ఒకటి మీరు ఉంచుకుని మిగతా తొమ్మిదీ పోస్టులో పంపండి, వాళ్లు చేసింది ఏదైనా తిరిగి పంపమని అడగండి, ‘ది నెక్స్ట్ కాల్’ అలాగే తిరిగింది. కవర్లో పెట్టే ముందు ఇంకు దట్టంగా ఉన్న మూల వేలితో మెల్లగా తాకి చూడండి. వేలికి అంటుకుంటే ఇంకో రెండు రోజులు ఆగండి, ఆగలేకపోతే మధ్యలో బటర్ పేపరు వేసి మడవండి.